ఒకే ట్రైనర్, మూడు యాప్‌లు: రేపల్లె లైన్ టోకెన్‌కీ బ్లూటూత్‌కీ ఏంటి సంబంధం?

ఈసారి హిస్టరీ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఇంట్లో ఫ్యాన్ కింద సైకిల్ తొక్కడం గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, దీనికీ చరిత్ర ఉంది. అది మన తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు లైన్ దాకా వస్తుంది. ఎలాగో చెప్తాను.

ముందు సమస్య ఏంటో చూద్దాం. మీ దగ్గర స్మార్ట్ ట్రైనర్ ఉంది. వెనక చక్రం తీసేసి సైకిల్‌ని దానికి బిగించారు. లాప్‌టాప్‌లో జ్విఫ్ట్ ఆన్ చేశారు, తెర మీద మీ బొమ్మ కొండ ఎక్కుతోంది. ఈవారం చేయాల్సిన వర్కౌట్ మాత్రం ఫోన్‌లో ఇంకో యాప్‌లో ఉంది. దాన్నీ కనెక్ట్ చేద్దామని ఫోన్ తీసి వెతికితే ట్రైనర్ పేరే రాదు. ఎదురుగానే ఉంది, లైటు వెలుగుతోంది, లాప్‌టాప్‌కి డేటా పోతూనే ఉంది. ఫోన్ దృష్టిలో మాత్రం అలాంటి వస్తువే లేదు. చాలామంది ఇక్కడ ట్రైనర్ పాడైందేమో అనుకుంటారు. పాడవలేదు. ఎప్పుడో ఇంజనీర్లు తీసుకున్న ఒక నిర్ణయం ఇవాళ మీ గదిలో అలా కనబడుతోంది, అంతే.

ఇండోర్ ట్రైనర్ మన ఊళ్ళలో ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. బాపట్ల నుంచి సూర్యలంక బీచ్‌కి 9 కిలోమీటర్లు. రోడ్డు చదును, పొద్దున్నే ఐదున్నరకి వెళ్తే స్వర్గం. మే నెలలో ఎనిమిదింటికి అదే రోడ్డు మీదికి వెళ్ళి చూడండి. ఎండ సంగతి అలా ఉంచండి, సముద్రం పక్క ఉక్కకి చెమట ఆరనే ఆరదు. తెనాలి–రేపల్లె రోడ్డు అయితే కోతల టైములో ట్రాక్టర్లు, లారీలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. పైగా మన డెల్టాలో కొండ అనేదే లేదు. ఎత్తు ఎక్కడం ప్రాక్టీస్ చేయాలంటే ఫ్లైఓవర్ దిక్కు. కాబట్టి ట్రైనర్ కొనడం మరీ పిచ్చి పనేం కాదు. కాకపోతే అది మన దగ్గరికి వచ్చేసరికి మోటార్ సైకిల్ రేటు అవుతుంది. అంత డబ్బు పెట్టాక ఆ మెషిన్ ఎవరి మాట వినాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. మన మాటా, కంపెనీ మాటా?

ట్రైనర్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పాత సైకిల్ డైనమో గుర్తు తెచ్చుకోండి. సీసాలాంటి డైనమోని టైరుకి ఆనిస్తే ముందు లైటు వెలుగుతుంది, కానీ తొక్కడం బరువవుతుంది. కరెంటు ఊరికే రాదు, మన కాళ్ళలోంచే రావాలి. స్మార్ట్ ట్రైనర్‌లో జరిగేది దాదాపు ఇదే. లోపల బరువైన చక్రం తిరుగుతుంది, దాని దగ్గర విద్యుత్ అయస్కాంతాలు ఉంటాయి. వాటిలోకి ఎంత కరెంటు పంపితే తొక్కడం అంత బరువు. ఎంత పంపాలో యాప్ చెప్తుంది. మనం ఎన్ని వాట్లు తొక్కుతున్నామో ట్రైనర్ తిరిగి యాప్‌కి చెప్తుంది. అంటే సంభాషణ రెండు వైపులా జరుగుతుంది: కొలత బయటికి వస్తుంది, ఆజ్ఞ లోపలికి వెళ్తుంది. ఈ రెండింటినీ విడివిడిగా గుర్తు పెట్టుకోండి. చివరిదాకా కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

మొదట్లో ఈ మాటలన్నీ వైరు మీద నడిచేవి. అమెరికాలోని సియాటిల్‌లో రేసర్‌మేట్ అనే చిన్న కంపెనీ 1980లలోనే కంప్యూట్రైనర్ తయారుచేసింది. దాన్ని నింటెండో వీడియో గేమ్ పెట్టెకి తగిలించి టీవీ మీద రేస్ చేసేవాళ్ళు. మన దగ్గర ఇంకా గంటకి అద్దె సైకిళ్ళు నడుస్తున్న రోజులవి. అదే కాలంలో, 1986లో, జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ అనే ఇంజనీర్ పెడల్ క్రాంకులోనే వాట్లు కొలిచే ఎస్‌ఆర్‌ఎం మీటర్ మొదలుపెట్టాడు. కంప్యూట్రైనర్ తర్వాత కంప్యూటర్‌కీ కనెక్ట్ అయింది, ఏళ్ళ తరబడి నడిచింది. వైరుతో ఒక సుఖం ఉంది. ఒక కేబుల్, ఒక కంప్యూటర్. ఎవరితో మాట్లాడుతున్నావు అనే గొడవే లేదు. ఆ ట్రైనర్ అమ్మకాలు 2017లో ఆగిపోయాయి. అప్పటికి లోకమంతా వైర్‌లెస్‌కి వచ్చేసింది.

వైర్‌లెస్ కథ రెండు దారుల్లో నడిచింది. ఒకటి రేడియో దారి, రెండోది టెలిఫోన్ దారి. ఈ పేర్లు నేను పెట్టుకున్నవి, పుస్తకాల్లో వెతక్కండి.

రేడియో దారి ముందు చెప్తాను. 1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అక్కడ వార్తలు చదివే మనిషికి తెనాలిలో ఎన్ని సెట్లు ఉన్నాయో తెలియదు, రేపల్లెలో ఎవరు వింటున్నారో తెలియదు, బాపట్లలో ఒకాయన మధ్యలో కట్టేశాడనీ తెలియదు. చెప్పుకుంటూ పోవడమే ఆయన పని. ఒక సెట్టు వింటే ఎంత కష్టమో లక్ష సెట్లు విన్నా అంతే. వినేవాళ్ళకి మాత్రం సర్కారు లెక్క ఉండేది. 1933 నాటి చట్టం కింద రేడియో సెట్టుకి లైసెన్సు తీసుకుని పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టాలి. ఇది 1980ల మధ్య దాకా సాగింది. మీ తాతగారి ట్రంకు పెట్టె అడుగున ఆ లైసెన్సు పుస్తకం ఇంకా ఉందేమో చూడండి.

కెనడాలోని ఆల్బర్టాలో కొక్రేన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ డైనాస్ట్రీమ్ అనే కంపెనీ, పరిగెత్తేవాళ్ళ బూటుకి పెట్టే సెన్సర్ల నుంచి మొదలై, యాంట్ అనే వైర్‌లెస్ పద్ధతిని తయారుచేసింది. 2006 డిసెంబర్‌లో గార్మిన్ ఆ కంపెనీని కొనేసింది. వేరే వేరే కంపెనీల సెన్సర్లు, వాచీలు ఒకదాన్నొకటి అర్థం చేసుకోవడానికి పెట్టిన ఉమ్మడి భాష యాంట్ ప్లస్. ఇది అచ్చంగా విజయవాడ స్టేషన్ పద్ధతి. సెన్సర్ 2457 మెగాహెర్ట్జ్ మీద, సెకనుకి సుమారు 4 సార్లు, 8 బైట్ల చిన్న మాట విసురుతుంది. "వాట్లు ఇన్ని, పెడల్ వేగం ఇంత." అంతే. వాచీ వింటుంది, హ్యాండిల్ మీది కంప్యూటర్ వింటుంది, లాప్‌టాప్ వింటుంది, పక్కన తొక్కుతున్న ఫ్రెండ్ లాప్‌టాప్ కూడా వినగలదు. కాబట్టి ఒకే ట్రైనర్ డేటాని ఒకేసారి మూడు నాలుగు చోట్ల చూడటం యాంట్ ప్లస్ రోజుల్లో అసలు సమస్యే కాదు. అప్పటివాళ్ళకి ఈ ఎపిసోడ్ అక్కర్లేదు.

లోపం ఎక్కడంటే ఫోన్లలో. శాంసంగ్, సోనీ కొన్ని ఫోన్లలో యాంట్ ప్లస్ పెట్టాయి, ఐఫోన్‌లో రానే లేదు. కంప్యూటర్‌కి వేలెడంత యూఎస్‌బీ డాంగిల్ కొనాలి. ఫోనే ప్రపంచం అయిపోయిన కాలంలో, ఫోన్‌లో లేని భాష ఎంత మంచిదైనా వెనకబడుతుంది.

ఇక టెలిఫోన్ దారి. స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్సన్ కంపెనీలో 1994లో యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీర్ బ్లూటూత్ పని మొదలుపెట్టాడు. ఉద్దేశం ఫోన్‌కీ హెడ్‌సెట్‌కీ మధ్య కేబుల్ పీకేయడం. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి సంఘం పెట్టాయి. పేరు మాత్రం వెయ్యేళ్ళ నాటి డెన్మార్క్ రాజుది, హెరాల్డ్ బ్లూటూత్. రాజులు లేరన్నాను కదా, ఒకాయన దూరిపోయాడు.

కేబుల్ పీకడానికి పుట్టింది కాబట్టి దాని బుద్ధీ కేబుల్ బుద్ధే. ఇటు ఒకరు, అటు ఒకరు. 2006లో నోకియా తక్కువ బ్యాటరీ తాగే వైబ్రీ అనే పద్ధతి ప్రకటించింది. అది బ్లూటూత్ సంఘంలో కలిసిపోయి, 2010లో బ్లూటూత్ 4.0లో లో ఎనర్జీ పేరుతో వచ్చింది. 2011లో ఐఫోన్ 4ఎస్‌లో పెట్టారు, 2013లో ఆండ్రాయిడ్ 4.3 నుంచి యాప్‌లు వాడుకునే వీలు వచ్చింది. ఇంకేముంది, ప్రతి జేబులోనూ అదే.

అసలు ఇవన్నీ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ గాలి మన దేశంలో ఊరికే దొరకలేదు. 2005 జనవరిలో కేంద్రం ఆ బ్యాండ్‌లో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకి లైసెన్సు అవసరం లేదని నియమాలు ఇచ్చింది. వినడానికే లైసెన్సు కట్టిన తాతగారి మనవడు ఇవాళ హార్ట్ రేట్ బెల్టుతో, ఇయర్‌బడ్స్‌తో, ట్రైనర్‌తో నాలుగు ట్రాన్స్‌మిటర్లు ఒంటి చుట్టూ పెట్టుకుని ఎవరినీ అడక్కుండా తొక్కుతున్నాడు.

సరే, ఫోన్‌లో ట్రైనర్ ఎందుకు కనబడలేదో ఇప్పుడు తేలిపోతుంది. బ్లూటూత్ లో ఎనర్జీలో ట్రైనర్ ఖాళీగా ఉన్నప్పుడు "నేనున్నాను, నేనున్నాను" అని ప్రకటించుకుంటుంది. ఎవరైనా కనెక్ట్ అయితే ఆ ప్రకటన ఆపేసి వాళ్ళతో మాటల్లో పడుతుంది. 4.0 నియమాల ప్రకారం ట్రైనర్ లాంటి పరికరం ఒక సమయంలో ఒక్కరితోనే ఉండాలి. ల్యాండ్‌లైన్ రోజుల్లో రిసీవర్ ఎత్తేసి ఉంటే బయటివాళ్ళకి ఎంగేజ్ టోన్ వచ్చేది కదా. ఇక్కడ ఆ టోన్ కూడా రాదు, నంబరే మాయమవుతుంది. అదే చిరాకు.

2013 డిసెంబర్‌లో వచ్చిన బ్లూటూత్ 4.1 ఈ ఆంక్ష తీసేసింది. కానీ తీసేయడం వేరు, కంపెనీలు దాన్ని వాడుకోవడం వేరు. కనెక్షన్ పెరిగితే చిప్‌లో మెమరీ కావాలి, ఫర్మ్‌వేర్ మళ్ళీ రాయాలి, టెస్టింగ్ రెట్టింపు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణే కాబట్టి చెప్తున్నాను, "స్పెసిఫికేషన్‌లో ఉంది" అన్న మాటకీ "ప్రోడక్ట్‌లో ఉంది" అన్న మాటకీ మధ్య చాలా సంవత్సరాలు పడతాయి. అందుకే కొన్ని కొత్త ట్రైనర్లు రెండు, మూడు బ్లూటూత్ కనెక్షన్లు ఇస్తాయి, చాలా పాతవి ఒక్కటి ఇచ్చి సరిపెడతాయి. బాక్స్ మీద "బ్లూటూత్" అని ఒకేలా రాసి ఉంటుంది. కొనేముందు అడగాల్సింది "బ్లూటూత్ ఉందా" అని కాదు, "ఒకేసారి ఎన్ని" అని.

ఇప్పటిదాకా వినడం గురించే మాట్లాడాం. ఇప్పుడు ఆజ్ఞ సంగతి. రేపల్లె లైన్ ఎక్కాల్సింది ఇక్కడే.

గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకి బ్రాడ్‌గేజ్ లైన్ 1916లో వచ్చింది. వేసింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. తెనాలి దగ్గర అది మద్రాసు మెయిన్ లైన్‌ని దాటి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్ళి రేపల్లెలో ఆగిపోతుంది. అవతల కృష్ణ, ఆ తర్వాత దివిసీమ. ఇలాంటి సింగిల్ లైన్ల మీద పెద్ద భయం ఒక్కటే, ఎదురెదురుగా రెండు రైళ్ళు. దానికి రైల్వేలు కనిపెట్టిన జవాబు టోకెన్. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, వాటి మధ్య కరెంటు లంకె. మన దేశంలో ఎక్కువగా వాడింది నీల్స్ టోకెన్ యంత్రం, అందులోంచి ఇనుప బంతి బయటికి వస్తుంది. ఒక బంతి బయటికి వచ్చిందంటే అది మళ్ళీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండు స్టేషన్లలోనూ ఇంకో బంతి రాదు. ఆ బంతిని పెద్ద రింగు ఉన్న తోలు సంచిలో పెట్టి డ్రైవర్‌కి అందిస్తారు. బంతి చేతిలో ఉంటేనే బండి కదలాలి. ప్లాట్‌ఫారం మీద వెయ్యి మంది నిలబడి రైలుని చూడొచ్చు, టైము రాసుకోవచ్చు, ఫోటో తీసుకోవచ్చు. నడిపే హక్కు మాత్రం బంతి ఉన్నవాడిదే.

ట్రైనర్ కూడా అంతే. వాట్లు ఎంతమంది చూసినా నష్టం లేదు. బరువు ఎంత ఉండాలో ఇద్దరు చెబితే ప్రమాదం. జ్విఫ్ట్ "ఎదురుగా 6 శాతం ఎత్తు" అంటుంది. అదే క్షణంలో వర్కౌట్ యాప్ "200 వాట్ల దగ్గర పట్టి ఉంచు" అంటుంది. ట్రైనర్ ఒకసారి ఇటు, ఒకసారి అటు. మీ మోకాళ్ళకి తెలుస్తుంది ఆ రైళ్ళు ఎక్కడ గుద్దుకున్నాయో. వాట్లు పట్టి ఉంచే పద్ధతిని ఎర్గ్ మోడ్ అంటారు. అందులో ఇంకో తిరకాసు ఉంది. 250 వాట్లు ఖాయం అన్నాక, మీరు నిమిషానికి 90 తిప్పుతున్నవాళ్ళు అలసిపోయి 60కి పడిపోతే, అవే 250 వాట్ల కోసం పెడల్ మీద ఒకటిన్నర రెట్లు బలం అడుగుతుంది. బలం పెరిగేకొద్దీ కాళ్ళు ఇంకా నెమ్మదిస్తాయి, నెమ్మదించేకొద్దీ ఇంకా బరువు. బురదలో దిగిన ఎడ్లబండిలా ఆగిపోతాం. ఒక యాప్ ఉన్నప్పుడే ఇంత. రెండు యాప్‌లు కొట్టుకుంటే చెప్పేదేముంది.

2012లో వాహూ కంపెనీ కికర్ ట్రైనర్ తెచ్చినప్పుడు కంట్రోల్ భాష ఎవరిది వాళ్ళదే. వాహూది ఒకటి, టాక్స్‌ది ఒకటి. యాప్ రాసేవాళ్ళు ప్రతి కంపెనీ గుమ్మం ఎక్కి దిగాల్సిందే. 2014లో జ్విఫ్ట్ బీటా వచ్చి, జనం పెరిగాక ఉమ్మడి భాష తప్పనిసరి అయింది. యాంట్ ప్లస్ వైపు నుంచి ఎఫ్‌ఈ-సీ వచ్చింది. బ్లూటూత్ వైపు 2017లో ఫిట్‌నెస్ మెషిన్ సర్వీస్, పొట్టిగా ఎఫ్‌టీఎంఎస్. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఏ యాప్ అయినా ఆజ్ఞ ఇచ్చే ముందు "నాకు కంట్రోల్ ఇవ్వు" అని అడగాలి. ఆ అడిగే ఆదేశం నంబర్ సున్నా, అంటే అన్నిటికన్నా ముందు అదే. ఇన్ని వాట్లు పెట్టు అనే ఆదేశం ఐదోది. కంట్రోల్ చేజారితే "నీ అనుమతి పోయింది" అని ట్రైనర్ చెప్పాలని కూడా రాశారు. ఇది టోకెన్ బంతి కాక మరేంటి? కాకపోతే ఇనుప బంతి మోసం చేయదు, ఫర్మ్‌వేర్ చేస్తుంది. కొన్ని ట్రైనర్లు ఈ మర్యాద పాటించవు, చివర ఎవరు చెబితే వాళ్ళ మాటే వింటాయి.

రైలు భట్టిప్రోలు దాటేలోపు ఒక చిన్న పక్కదారి. ఇక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రియా తవ్వకాల్లో శాసనాలున్న రాతి ధాతు కరండాలు దొరికాయి. వాటి లిపి చూడటానికి అశోకుడి బ్రాహ్మిలాగే ఉంటుంది, కానీ నియమం తేడా. అశోకుడి లిపిలో ఏ గుర్తూ లేని అక్షరాన్ని "క" అని చదువుతాం, తలకట్టు లాంటి గుర్తు పెడితే "కా". భట్టిప్రోలులో ఆ గుర్తు పెడితేనే "క", దీర్ఘానికి ఇంకో గుర్తు. నియమం తెలియకుండా చదివితే హ్రస్వాలన్నీ దీర్ఘాలైపోతాయి. జర్మన్ పండితుడు బ్యూలర్ ఆ తేడా పట్టుకుని చదివాడు.

ఎఫ్‌టీఎంఎస్‌లో అచ్చం ఇలాంటి మెలిక ఉంది. ట్రైనర్ పంపే ప్రతి మాట ముందు కొన్ని జెండాలు ఉంటాయి: ఈ అంకె ఉందా, ఆ అంకె ఉందా అని. అన్నిటికీ ఒకటి అంటే ఉంది, సున్నా అంటే లేదు. మొట్టమొదటి జెండాకి మాత్రం తలకిందులు. సున్నా ఉంటేనే వేగం ఉన్నట్టు. ఈ సంగతి తెలియని డెవలపర్ వేగాన్ని వదిలేసి చదవడం మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. గంటకి 30 కిలోమీటర్ల వేగాన్ని ట్రైనర్ 3000 అని పంపుతుంది, వందో వంతుల లెక్కలో. పెడల్ వేగం అరల లెక్కలో ఉంటుంది. వేగాన్ని పెడల్ వేగం అనుకుని చదివితే మీరు నిమిషానికి 1500 సార్లు తొక్కుతున్నట్టు! ఒక యాప్‌లో సరిగ్గా ఉండి ఇంకో యాప్‌లో పిచ్చి అంకెలు వస్తున్నాయంటే, చాలాసార్లు ట్రైనర్ తప్పు కాదు, చదివేవాడి తప్పు.

రెండు చోట్ల రికార్డు చేయడం సరదా కోసమే కాదు. 2019లో బ్రిటన్ మొదటి ఈ-రేసింగ్ జాతీయ పోటీ పెట్టింది. గెలిచిన కామెరాన్ జెఫర్స్ టైటిల్‌ని అదే ఏడాది అక్టోబర్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆటలో వేగంగా పోయే ఒక ప్రత్యేకమైన సైకిల్ ఉంటుంది, దాన్ని ఎంతో తొక్కి సంపాదించుకోవాలి. తొక్కకుండానే, తొక్కినట్టు నకిలీ డేటా పంపే ప్రోగ్రామ్‌తో దాన్ని సంపాదించారని తేలింది. ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా. రేడియో దారిలో ఉన్న బలహీనత ఇదే. గొంతు విజయవాడదో, ఎవరో పక్క వీధిలో అనుకరిస్తున్నారో రేడియో సెట్టుకి తెలియదు. అందుకే పెద్ద పోటీల్లో ట్రైనర్ నుంచి ఒక రికార్డు, పెడల్ మీటర్ నుంచి ఇంకో రికార్డు అడుగుతారు. రెండు గీతలు పోల్చి చూస్తారు. 2020 డిసెంబర్‌లో యూసీఐ తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ పోటీ జరిగేటప్పటికి ఈ జంట రికార్డు మామూలైపోయింది. రేపల్లెలో కూర్చుని తొక్కే కుర్రాడు ఆ స్థాయి రేసుకి వెళ్ళాలన్నా, ఒకేసారి రెండు పరికరాలకి డేటా పంపడం వచ్చి తీరాలి.

యాంట్ ప్లస్‌కి కూడా ఆ బలహీనతే చివరికి ముప్పు తెచ్చింది. యూరప్‌లో వైర్‌లెస్ పరికరాలకి కొత్త సైబర్ భద్రతా నియమాలు 2025 ఆగస్ట్ 1 నుంచి అమలయ్యాయి. ఎవరైనా వినేలా బహిరంగంగా చెప్పుకుంటూ పోయే పద్ధతి వాటిలో ఇమడదు. గార్మిన్ 2025 జూన్ 30తో యాంట్ ప్లస్ సర్టిఫికేషన్ ముగించింది. ఉన్న పరికరాలు పనిచేస్తాయి, కానీ కొత్తవాటిలో అది తగ్గిపోతుంది. అందరూ వినగలిగే మంచితనమే దాని నేరం అయింది. నాకు ఇది కొంచెం బాధగానే ఉంది.

అసలు భయపడాల్సింది దీనికి కాదు. 2025 జులైలో ఎచెలాన్ అనే అమెరికన్ కంపెనీ తన బైకులకి ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పంపింది. ఆ తర్వాత మెషిన్ పనిచేయాలంటే ముందు ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్‌తో మాట్లాడాలి. క్యూజడ్ అని ఇటలీకి చెందిన రాబర్టో వియోలా రాసిన ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఏ మెషిన్‌నైనా ఏ యాప్‌కైనా కలిపే వంతెన లాంటిది. ఆ అప్‌డేట్‌తో ఎచెలాన్ మెషిన్లకి ఆ వంతెన తెగింది. డబ్బు పూర్తిగా కట్టి, ఇంట్లో పెట్టుకుని, కరెంటు బిల్లు మనమే కట్టుకుంటున్న సైకిల్, తొక్కే ముందు వేరే దేశంలో సర్వర్‌ని అడగాలి. ఆ కంపెనీ మూతపడితే? ఇంకో ఉదాహరణ పోల్చండి. వాహూ 2022లో ఆర్‌జీటీ అనే యాప్ కొని, 2023లో మూసేసింది. యాప్ పోయింది. కానీ ఆ యాప్ వాడినవాళ్ళ ట్రైనర్లకి ఏమీ కాలేదు, మర్నాడు ఇంకో యాప్‌లో తొక్కారు. తేడా అల్లా ఉమ్మడి భాషే. అది ఉంటే యాప్ చచ్చినా మెషిన్ బతుకుతుంది. 2024లో జ్విఫ్ట్ నెలకి 19.99 డాలర్లు చేసినప్పుడు కొందరు వేరే యాప్‌లకి వెళ్ళిపోగలిగారన్నా కారణం ఇదే. వెళ్ళిపోగలగడమే మన బేరం శక్తి.

ఇప్పుడు పని మాటకి వద్దాం. మీ ట్రైనర్ ఒకటి కంటే ఎక్కువ బ్లూటూత్ కనెక్షన్లు ఇస్తే గొడవే లేదు. ఒక యాప్‌లో ట్రైనర్‌ని పవర్, కంట్రోల్ రెండింటికీ కలపండి. రెండో యాప్‌లో పవర్‌కి మాత్రమే కలపండి, కంట్రోల్ గడి ఖాళీగా వదిలేయండి. బంతి ఒక్కరికే. వర్కౌట్ యాప్‌కి కంట్రోల్ ఇస్తే జ్విఫ్ట్‌లో కొండ వచ్చినా బరువు మారదు, బొమ్మ మాత్రం నెమ్మదిస్తుంది. అది తప్పు కాదు, అలాగే ఉండాలి.

ఒక్క కనెక్షనే ఇస్తే, ట్రైనర్‌కి యాంట్ ప్లస్ ఉందేమో చూడండి. కంట్రోల్ యాప్‌కి బ్లూటూత్, మిగతా అందరికీ యాంట్ ప్లస్. లాప్‌టాప్‌కి డాంగిల్ కావాలి. దాన్ని వెనక పోర్టులో కాకుండా ఎక్స్‌టెన్షన్ వైరుతో ట్రైనర్ దగ్గరికి తెండి, వైఫై రూటర్ పక్కన మాత్రం పెట్టకండి, రెండూ ఒకే గాలిలో అరుచుకుంటాయి. యాంట్ ప్లస్ కూడా లేకపోతే క్యూజడ్ లాంటి వంతెన యాప్. అది ట్రైనర్‌తో తాను మాట్లాడుతూ, అవతలి యాప్‌కి తానే ట్రైనర్‌నని చెప్తుంది. రెండు యాప్‌లూ ఒకే ఫోన్‌లో ఉంటే అసలు కష్టమే తక్కువ, ఎందుకంటే ట్రైనర్ వైపు నుంచి చూస్తే ఫోన్ ఒక్కటే.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. తొక్కడం మొదలుపెట్టే ముందు ఇంట్లో వేరే ఫోన్లలో పాత ఫిట్‌నెస్ యాప్‌లు వెనకాల నడుస్తున్నాయేమో చూడండి. తమ్ముడి ఫోన్‌లో పోయిన నెల ఎక్కించిన యాప్, గదిలోకి రాగానే ట్రైనర్‌కి తానే అతుక్కుపోతుంది. మీరు అరగంట వెతుకుతూ ఉంటారు, వాడు పక్క గదిలో రీల్స్ చూస్తూ ఉంటాడు, టోకెన్ బంతి వాడి జేబులో ఉంటుంది.

భట్టిప్రోలు కరండాల మీద వచ్చే వారం పూర్తి ఎపిసోడ్ చేస్తున్నాను. అక్కడ కలుద్దాం.